పిండిముద్దకు బదులు

అమెరికాలో రాసిన రొట్టె వంటకాన్ని భారతదేశపు వంటింటి గట్టు మీద పెట్టుకుని చదివేవారికి మొదటి పంక్తిలోనే దారి మూసుకుపోతుంది. ఫ్రీజర్‌లో ఉన్న ఒక పౌను బ్రెడ్డు పిండిముద్దను ముందురోజు రాత్రే తీసి ఫ్రిజ్‌లో పెట్టుకొమ్మని ఆ పంక్తి చెబుతుంది. తరువాతివన్నీ సులువే. వెల్లుల్లి, వెన్న, చీజ్, ఓవెన్ వేడి, నిమిషాల లెక్క. కానీ ఆ ముద్ద ఏది? మహానగరాల్లోని ఖరీదైన దుకాణాల్లో ఎక్కడో ఒకచోట కనిపిస్తే కనిపించవచ్చు. గుంటూరులోనో గోరఖ్‌పూర్‌లోనో వీధి చివరి కిరాణా కొట్టులో మాత్రం దొరకదు. వంటకం రాసినవారికి అది ఉప్పు వంటి సామాన్య వస్తువు. చదివేవారికి అది మరో దేశపు ఆర్థిక వ్యవస్థ.

ఈ మాటలో అతిశయోక్తి పెద్దగా లేదు. కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌కు చెందిన లైవ్లీ విల్లోబీ అనే రొట్టెల తయారీదారు, కలిపిన పిండిని గొట్టం వంటి డబ్బాలో బిగించి చల్లగా నిల్వ ఉంచే పద్ధతికి 1931లో పేటెంటు పొందాడు. ఆ తరువాత ఫ్రీజర్లు, శీతల లారీలు, సూపర్ మార్కెట్లు ఆ దేశమంతటా విస్తరించాక గడ్డకట్టించిన పిండిముద్ద ఇంటింటి సరుకు అయింది. అది జీవమున్న సరుకు. అందులోని ఈస్ట్ మైనస్ 18 డిగ్రీల దగ్గర నిద్రపోతుంది, అంతే తప్ప చనిపోదు. కర్మాగారం నుంచి ఇంటి ఫ్రీజర్ దాకా ఆ చలి ఎక్కడా తెగకూడదు. మధ్యలో కరెంటు పోయి, ముద్ద కరిగి, మళ్ళీ గడ్డకడితే ఈస్ట్ కణాలు చాలావరకు పగిలిపోతాయి, పిండి సాగే గుణమూ సడలిపోతుంది. కాబట్టి ఆ పొట్లంలో అమ్ముతున్నది పిండిని మాత్రమే కాదు, తెగని విద్యుత్తును కూడా. వేసవి మధ్యాహ్నాల కరెంటు కోతలు తెలిసిన జిల్లాల్లో ఈ సరుకు ఎందుకు వేళ్ళూనలేదో వేరే వివరించనక్కరలేదు.

ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమని సామెత. ప్రత్యామ్నాయాల గురించి మాట్లాడేటప్పుడు ఈ చిన్నచూపు సాధారణంగా తొంగిచూస్తుంది. అసలు వస్తువు అక్కడెక్కడో ఉంది, ఇక్కడ చేసేది దాని నకలు, అన్నట్టుగా. రొట్టె విషయంలో ఈ వరుస తలకిందులు. పిండి, నీరు, ఉప్పు, పులిపించే పదార్థం అసలు. ఫ్రీజర్ ముద్ద వాటికి పుట్టిన నకలు. తెల్లవారుజామున లేచి పిండి పిసికే మనిషికి బదులుగా అది వచ్చింది.

లెక్క చెప్పుకుంటే ఒక పౌను ముద్ద బరువు సుమారు 450 గ్రాములు. దాని స్థానంలో 270 గ్రాముల మైదా, 165 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీరు, 5 గ్రాముల ఉప్పు, రెండు చెంచాల చక్కెర, ఒక పెద్ద చెంచా నూనె, 4 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్ సరిపోతాయి. పది నిమిషాలు గట్టిగా పిసికి, మూతపెట్టి, రెట్టింపయ్యేదాకా వదిలేయాలి. హైదరాబాదు మే నెలలో ముప్పావు గంట చాలు. ఢిల్లీ జనవరిలో రెండు గంటలైనా పట్టవచ్చు. బేకరీల్లో దొరికే పచ్చి ఈస్ట్ అయితే ఇన్‌స్టంట్‌కు మూడింతలు తూచాలి. ఇంతే రహస్యం. ఇందులో ఏ దుకాణంలోనూ దొరకనిది ఒక్కటీ లేదు.

మైదా వద్దనుకునే ఇళ్ళకు మాత్రం హెచ్చరిక అవసరం. చపాతీల కోసం తిరగలి తరహా మిల్లులో విసిరిన గోధుమపిండిలో గింజ నలిగే తీరు వేరు. ఆ నలుగుడులో పిండిపదార్థపు రేణువులు ఎక్కువగా దెబ్బతిని నీటిని అధికంగా పీల్చుకుంటాయి. తవుడు ముక్కలు గ్లూటెన్ పొరలను కోసేస్తాయి. మైదా కొలతకే గోధుమపిండి కలిపితే ఇటుక తయారవుతుంది. నూరు గ్రాముల పిండికి 70 నుంచి 75 గ్రాముల నీరు పోసి, కలిపిన తరువాత అరగంట ఊరనిచ్చి, అప్పుడు పిసకాలి. అయినా మైదా రొట్టెంత ఎత్తు లేవదు. లేవవలసిన అవసరమూ లేదు.

ఈస్ట్ కూడా దొరకని స్థితి వస్తే? అటువంటి స్థితి నుంచే కొన్ని దేశాల జాతీయ రొట్టెలు పుట్టాయి. ఐర్లండ్ వాతావరణంలో పండే మెత్తని గోధుమలో గ్లూటెన్ తక్కువ, ఈస్ట్‌తో అది బాగా పొంగదు. 19వ శతాబ్దంలో వంటసోడా చేతికి రాగానే పేద ఇళ్ళవారు దానిని మజ్జిగతో కలిపి, పిసకకుండానే, కుంపటి మీద వేలాడే ఇనుప పాత్రలో కాల్చారు. నేడు పర్యాటకులకు గర్వంగా వడ్డించే సోడా రొట్టె అదే. భారతీయ వంటింట్లో దీనికి మేనత్త కొడుకు వంటిది భటూరా. రెండు గ్లాసుల మైదాకు అర చెంచా వంటసోడా, కలపడానికి సరిపడినంత పుల్లని పెరుగు. గంట ఆగితే చాలు. పిజ్జా అడుగుకో, పెనం మీద కాల్చే నాన్‌కో ఇది నూటికి నూరుపాళ్ళు పనికివస్తుంది. నిలువెత్తు బ్రెడ్డుకు పనికిరాదు. ఏ బదులు ఎక్కడ పనికిరాదో చెప్పని వంట సలహా, లోటు సంగతి దాచిన బడ్జెట్ ప్రసంగం వంటిది.

గోవా కథ మరింత రుచికరమైనది. పోర్చుగీసువారు వచ్చాక గోధుమ రొట్టె కావలసి వచ్చింది, పులిపించడానికి ఈస్ట్ లేదు. కొబ్బరిచెట్టు కల్లు ఉంది. ఆ కల్లుతో పులిపించిన పిండితోనే పావ్ పుట్టింది. ఉదయం సైకిలు హారన్ మోగిస్తూ వీధుల్లో తిరిగే పోదెర్ల వృత్తి ఆ రొట్టెతోనే పెరిగింది. ఇప్పుడు అక్కడా ఎక్కువమంది పొట్లం ఈస్టే వాడుతున్నారు. కల్లు గీసేవారు తగ్గారు, గీసిన కల్లు ఖరీదయింది. బదులుగా వచ్చినది అసలుదై, ఆ అసలుకు మళ్ళీ ఒక బదులు వచ్చింది. కేరళలో అప్పానికి, గోవాలోనే సన్నాలకు ఇప్పటికీ కల్లు వాడే ఇళ్ళు ఉన్నాయి. తాటిచెట్లకు, ఈతచెట్లకు కొదవలేని తెలుగు నేల మీద మాత్రం కల్లు గోధుమపిండి దాకా పెద్దగా వచ్చినట్టు లేదు. ఇక్కడ పులుపు పని మినపప్పుకు అప్పగించారు.

మినపప్పు ఎంత చేయగలదో 2020 ఏప్రిల్‌లో ఢిల్లీలోని ఒక తెలుగు ఇంట్లో తేలింది. లాక్‌డౌన్ మొదలై మూడు వారాలు. ప్రపంచమంతటా దుకాణాల్లో మైదా, ఈస్ట్ ఖాళీ అవుతున్న కాలం. పిల్లవాడికి పిజ్జా కావాలి. కోడలు నాలుగు కొట్లకు ఫోన్ చేసింది. ‘ఈస్ట్ ఎక్కడా లేదు అత్తయ్యా’ అని ఫోన్ పక్కన పడేసింది. గోదావరి జిల్లా నుంచి సంక్రాంతికి వచ్చి అక్కడే చిక్కుకుపోయిన అత్తగారు తాపీగా అడిగింది: ‘అది చేసే పని ఏమిటమ్మా?’ ‘పిండి పులుస్తుంది, పొంగుతుంది.’ ‘మరి ఫ్రిజ్‌లో ఇడ్లీ పిండి ఉందిగా. అదీ పులిసిందే, పొంగిందే.’

పాఠ్యపుస్తకాలు ఆవిడ పక్షానే ఉన్నాయి. ఇడ్లీ పిండిలో పులుపు, వాయువు పుట్టించే పని ప్రధానంగా ల్యూకోనోస్టాక్ అనే బాక్టీరియాది; కొద్దిపాటి ఈస్టులూ దానికి తోడవుతాయి. వాయువును పట్టి ఉంచేది మినపప్పులోని జిగురు. ఒక గరిటెడు పులిసిన పిండిని మైదాలో కలిపి పిసికి, రాత్రంతా వదిలేస్తే తెల్లవారేసరికి ముద్ద ఒకటిన్నర రెట్లయింది. రెట్టింపు కాలేదు. బియ్యపు పిండి గ్లూటెన్‌ను పలచబరుస్తుంది కాబట్టి రంధ్రాలు చిన్నవి, రుచి కాస్త పులుపు. ఓవెన్ లేదు. అడుగు మందమైన పాత్రలో ఉప్పు పరిచి, వేడెక్కించి, లోపల చిన్న గిన్నె మీద పళ్ళెం పెట్టి, మూతవేసి కాల్చారు. దిబ్బరొట్టెకు కింద సన్నని సెగ పెట్టి, మూత మీద నిప్పులు వేసిన చేతులకు అది కొత్త విద్య కాదు. పిల్లవాడు తిన్నాడు. ‘బాగుంది’ అన్నది ఆ ఇంటి యజమాని. లాప్‌టాప్ ముందు నుంచి లేవకుండానే.

ఆ చివరి వివరం దగ్గర కాస్త ఆగాలి. ప్రత్యామ్నాయాలను వర్ణించే వ్యాసాలన్నీ పిండిని, పులుపును లెక్కవేస్తాయి. సిద్ధంగా కలిపిన ముద్దలో మరొకటి కూడా అమ్ముడవుతుంది: సమయం. పిసకడం, కనిపెట్టుకుని ఉండడం, మధ్యలో లేచి చూడడం, గిన్నెలు కడగడం. మైదాకూ ఈస్ట్‌కూ బదులు దొరికింది. సమయానికి బదులు మరొకరి సమయమే, ఆ మరొకరు ఎవరో చెప్పడానికి జ్యోతిష్యం అక్కరలేదు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనిలో పాల్గొనే స్త్రీలు దానిపై రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించారు; పురుషులు 97 నిమిషాలు. 2024 సర్వేలో స్త్రీల లెక్క 289కి దిగింది. పురుషులది పెరిగి ఉండాలి కదా? అది 88కి దిగింది.

‘ఆత్మనిర్భర్’ అన్న మాట 2020 మే నెలలో జాతీయ నినాదమైంది. దిగుమతి వస్తువుకు బదులు దేశీయ వస్తువు, కొన్నదానికి బదులు చేసుకున్నది అన్న భావన వంటింట్లోకి రావడానికి అట్టే కాలం పట్టలేదు. ఇంట్లో కాల్చిన రొట్టెల ఫొటోలు దేశభక్తి స్థాయికి ఎదిగాయి. స్వావలంబనను తప్పుపట్టవలసిన పనిలేదు. అయితే అది ఎవరి మోచేతుల మీద నిలబడుతున్నదో అడగకుండా వదిలేస్తే, బజారు చేయవలసిన పనినీ, ప్రభుత్వం చేయవలసిన పనినీ చడీచప్పుడు లేకుండా ఇంట్లో ఒకే మనిషి మీదికి నెట్టే సాధనమవుతుంది.

అదే వారాల్లో మరోచోట మరింత నిష్ఠురమైన ప్రత్యామ్నాయం అమలులో ఉంది. 2020 మార్చి 26న ప్రకటించిన ప్రధానమంత్రి గరీబ్ కల్యాణ్ అన్న యోజన కింద మనిషికి నెలకు 5 కిలోల బియ్యమో గోధుమలో అదనంగా ఇచ్చారు. ఎన్నో ప్రాణాలను నిలిపిన పథకమది, సందేహం లేదు. కానీ భారత ఆహార సంస్థ గోదాము నుంచి బయలుదేరేది గింజ. గింజకూ రొట్టెకూ మధ్య మిల్లు ఉంది, పొయ్యి ఉంది, గ్యాసు ఉంది, పెనం ఉంది. అద్దెగదిలో ఆరుగురు సర్దుకునే వలస కూలీ రోజూ తినేది వీధి హోటలు రొట్టె; ఆ హోటలు మూతపడింది. అతనికి గింజ ఇవ్వడమంటే పిజ్జా అడిగిన పిల్లవాడికి గోధుమ పొలం చూపించడమే. అదనపు రేషను రావలసిన కార్డు సొంత ఊరిలో ఉన్నదన్నది మరో కథ.

గింజ, పిండి, కలిపిన ముద్ద, కాల్చిన రొట్టె. ఒకే వస్తువుకు ఇవి నాలుగు దశలు. ఏ దశలో ఉన్నదానిపై ఎంత పన్ను వేయాలి అన్న ప్రశ్న వస్తుసేవల పన్ను వచ్చిన నాటి నుంచి నలుగుతూనే ఉంది. 2017 జులైలో బ్రెడ్డు మీద పన్ను లేదు. బ్రెడ్డుగా మారవలసిన కలిపిన పిండిముద్ద మీద 18 శాతం. ఇడ్లీ, దోసె పిండి మీద 18 శాతం పెట్టి, అదే ఏడాది సెప్టెంబరులో హైదరాబాదులో జరిగిన జీఎస్టీ మండలి సమావేశంలో 12 శాతానికి దించారు. దక్షిణాది రాష్ట్రాల గొంతు వినిపించిన అరుదైన సందర్భాల్లో అదొకటి అనుకోవాలి. 2020లో కర్ణాటక ముందస్తు నిర్ణయాల ప్రాధికార సంస్థ మరో వింత తేల్చింది. పొట్లంలో అమ్మే పరోటాను తినేముందు వేడిచేయాలి, కనుక అది రొట్టె కోవలోకి రాదు, రొట్టెకు 5 శాతమైతే దీనికి 18 శాతం కట్టవలసిందే. పెనం మీద మూడు నిమిషాల వేడికి 13 శాతం తేడా! 2022 జులై 18 నుంచి పొట్లం కట్టి ముద్ర వేసిన పిండి, పెరుగు కూడా 5 శాతం పరిధిలోకి వచ్చాయి. చివరకు 2025 సెప్టెంబరు 22 నుంచి రొట్టె, పరోటా, పిజ్జా బ్రెడ్డు మీద పన్నును సున్నా చేశారు.

ఎనిమిదేళ్ళ ఈ వివాదంలో అధికారుల తర్కం స్థూలంగా ఒక్కటే. సిద్ధమైన ఆహారం విలాసం, సిద్ధం కానిది అవసరం. ఇల్లు వండుకుంటుంది, వండుకోనివారు సుంకం చెల్లించాలి. రెండు షిఫ్టుల మధ్య పిల్లలకు అన్నం పెట్టవలసిన నర్సుకో, తెల్లవారుజామున బస్సు పట్టుకునే బట్టల కర్మాగారపు కార్మికురాలికో సిద్ధంగా కలిపిన పిండి విలాసం కాదు. వారి దృష్టిలో అది ఒక గంట నిద్ర. పన్ను పట్టికలో నిద్రకు సంకేత సంఖ్య లేదు.

ఎప్పుడూ ఇలాగే లేదు. పిండి పిసికే పనిని రాజ్యమే తలకెత్తుకున్న కాలం ఒకటుంది. అమెరికా నుంచి పీఎల్ 480 కింద గోధుమ ఓడలు వస్తున్న రోజుల్లో, 1965లో, కొలంబో ప్రణాళిక సాయంతో కేంద్ర ప్రభుత్వం మోడర్న్ బేకరీస్‌ను నెలకొల్పింది. అన్నం తినే ప్రాంతాలకు గోధుమను చేర్చడానికి బ్రెడ్డును మించిన దారి లేదని నాటి ప్రణాళికావేత్తల నమ్మకం. పెనం, అప్పడాలకర్ర లేని ఇంటికి కూడా ఒక రొట్టె చేరుతుంది. సర్కారీ బ్రెడ్డు మీద జోకులకు కొదవ ఉండేది కాదు, అయినా ఆ పొట్లం రెండు తరాల పిల్లల ఉదయాలను గడిపింది. 2000 జనవరిలో వాజపేయి ప్రభుత్వం దానిలో 74 శాతం వాటాను సుమారు 105 కోట్ల రూపాయలకు హిందుస్థాన్ లీవర్‌కు అమ్మింది. వ్యూహాత్మక ఉపసంహరణ అన్న పేరుతో జరిగిన తొలి పెద్ద అమ్మకం అదే. అటుపైన చేతులు మారి, 2021లో మెక్సికోకు చెందిన గ్రూపో బింబో పరమైంది. నష్టాల్లో ఉన్న సంస్థను వదిలించుకోవడం సరైనదేనని వాదించేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నగరపు పేదకు చౌకగా, శుభ్రంగా ఆహారం అందించడం ప్రభుత్వ బాధ్యతా కాదా అన్న ప్రశ్న మాత్రం ఆ ధరలో చేరలేదు. ప్రైవేటు బ్రెడ్డు నాణ్యత సంగతి 2016లో బయటపడింది. ఢిల్లీలోని విజ్ఞాన పర్యావరణ కేంద్రం పరీక్షించిన 38 నమూనాల్లో 84 శాతంలో పొటాషియం బ్రోమేట్ లేదా అయోడేట్ జాడలు కనిపించాయి. ఆహార భద్రతా సంస్థ వెంటనే బ్రోమేట్‌ను నిషేధించింది. చాలామంది మధ్యతరగతి గృహిణులు ఇంట్లో బ్రెడ్డు కాల్చడం మొదలుపెట్టింది ఆ భయంతోనే. నియంత్రణ లోపించిన చోట మళ్ళీ అవే రెండు చేతులు.

ఇంటి మేరకు తేలికైన ఏర్పాటు ఒకటుంది. ఆదివారం ఒకేసారి కిలో మైదాతో పిండి కలిపి, ఈస్ట్ పావువంతు ఎక్కువ వేసి, పొంగకముందే 450 గ్రాముల ముద్దలుగా విడదీసి, నూనె రాసి, గాలి చొరని సంచుల్లో ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. మూడు వారాలు నిలుస్తాయి. ముందురోజు రాత్రి ఒకటి తీసి ఫ్రిజ్‌లో పెడితే ఆ అమెరికా వంటకం మొదటి పంక్తి నెరవేరినట్టే. కిలో మైదా పిసకడానికి బలం కావాలి. వ్యాయామశాలకు చందా కట్టే మగవారున్న ఇళ్ళలో దీనికి కొదవ ఉండకూడదు.

పురుషులు పిండి కలపలేరన్న వాదనను సిక్కుల లంగర్లు శతాబ్దాలుగా కొట్టివేస్తూనే ఉన్నాయి. 2020 నవంబరు చివరి నుంచి ఏడాదికి పైగా సింఘు, టిక్రీ సరిహద్దుల్లో దేశమంతా దానిని కళ్ళారా చూసింది. సాగు చట్టాలకు వ్యతిరేకంగా ట్రాక్టర్ల మీద వచ్చిన రైతులు తెల్లవారకముందే గంగాళాల్లో పిండి పిసికారు, ఉండలు చేశారు, రొట్టెలు కాల్చారు. గంటకు వెయ్యికి పైగా రొట్టెలు చేసే యంత్రాలు వచ్చాయి. రైతులకే కాదు, చుట్టుపక్కల కార్మిక బస్తీల పిల్లలకు, కాపలాకు వచ్చిన పోలీసులకు కూడా ఆ పంక్తిలో చోటు దొరికింది. 2021 డిసెంబరులో, చట్టాలు రద్దయ్యాక, ఆ గంగాళాలు ట్రాక్టర్లెక్కి పంజాబు, హరియాణా దారి పట్టాయి. ఇళ్ళకు చేరాక ఆ చేతుల్లో ఎన్ని మళ్ళీ పిండి ముట్టాయో ఏ సర్వే అడగలేదు.